ఎనుమాముల నుంచి జగిత్యాల దాకా: మహమ్మారి నష్టం ఏ దారిన వచ్చింది?

తెలంగాణలో తొలి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. అప్పటికే తేజ మిర్చి ధర దిగింది, కరీంనగర్ క్వారీల నుంచి గ్రానైట్ బ్లాకుల ఎగుమతి మందగించింది. రెండింటికీ పెద్ద గిరాకీ చైనాదే. అక్కడ కొత్త సంవత్సరం సెలవులు పొడిగించారు, ఫ్యాక్టరీలు తెరుచుకోలేదు, రేవులో దిగిన సరుకును మోసుకెళ్లే లారీలు లేవు. వైరస్ ఇక్కడ ఎవరికీ సోకకముందే దాని నష్టం మార్కెట్ యార్డుకు చేరింది.

వైరస్ మనిషి నుంచి మనిషికి పాకుతుంది. ఆర్థిక నష్టం అలా పాకదు. అది రద్దయిన ఆర్డరుగా వస్తుంది, దొరకని కంటెయినర్‌గా వస్తుంది, ముద్ర పడని వీసాగా వస్తుంది. దేని వేగం దానిది, ఒక్కోటి తాకే ఇల్లు వేరు. ఉత్తర తెలంగాణలో 2020 నుంచి 2022 దాకా జరిగింది వరుసగా చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ధర పడినా కొని తీరాల్సిన కొనుగోలుదారు ఉన్నచోట దెబ్బను నలుగురూ పంచుకున్నారు. అలాంటి పూచీ లేనిచోట మొత్తం భారం ఒక్క ఇంటి మీద పడింది.

దేశం లెక్కలోనూ ఇదే కనిపిస్తుంది. 2020 ఏప్రిల్–జూన్ మూడు నెలల్లో భారత ఆర్థిక వ్యవస్థ అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే సుమారు 24 శాతం కుంచించుకుపోయింది. వ్యవసాయం మాత్రం 3 శాతానికి పైగా పెరిగింది. పంట చేలో ఉంది, కోత ఆగలేదు, కొనుగోలు కేంద్రాలు తెరిచారు. హోటళ్లు, రవాణా, నిర్మాణ రంగాలకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

పత్తి: అర్థం కావాలంటే లెక్క వేయాలి

క్వింటా పత్తిని జిన్నింగ్ మిల్లులో ఆడిస్తే 33, 34 కిలోల దూది, 64 కిలోల వరకు గింజలు వస్తాయి. మిగిలింది తరుగు. 170 కిలోల బేలు ఒకటి కట్టాలంటే 5 క్వింటాళ్ల పత్తి కావాలి. పల్లెలో పత్తి ధర చివరికి ఈ దూది, ఈ గింజల ధర మీదే ఆధారపడుతుంది. దూది ధరకు కొలమానం న్యూయార్క్ ఫ్యూచర్స్ మార్కెట్, అంటే రాబోయే నెలల సరుకుకు ముందుగానే ధర కట్టే చోటు.

2020 ఏప్రిల్ మొదట్లో ఆ మార్కెట్‌లో పౌను దూది సుమారు 50 సెంట్లకు పడిపోయింది. అంటే కిలో 1 డాలర్ 10 సెంట్లు. డాలర్ 76 రూపాయలు ఉన్న రోజులవి కాబట్టి కిలో దూది 84 రూపాయలు, 34 కిలోలకు 2,850. గింజలు కిలో 22 రూపాయల చొప్పున వేసుకుంటే ఇంకో 1,400. మొత్తం 4,250. ఇందులోంచి జిన్నింగ్, ప్రెస్సింగ్, లారీ కిరాయి పోవాలి. ఆ ఏడాది పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 5,550 రూపాయలు. క్వింటాకు 1,300 రూపాయల పైచిలుకు తేడా. అది ఎవరో ఒకరు భరించాలి.

భరించింది సీసీఐ, అంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ భారత పత్తి సంస్థ. 2019-20 సీజన్‌లో అది దేశం మొత్తం మీద సుమారు 105 లక్షల బేళ్లకు సరిపడా పత్తి కొన్నది, అందులో పెద్ద వాటా తెలంగాణదే. లాక్‌డౌన్ పడే నాటికి మన పత్తిలో ఎక్కువ భాగం రైతు చేయి దాటి గోదాముల్లో బేళ్లుగా ఉంది. బంగ్లాదేశ్‌లోని బట్టల ఫ్యాక్టరీలకు అమెరికా, ఐరోపా బ్రాండ్లు 300 కోట్ల డాలర్లకు మించిన ఆర్డర్లను రద్దు చేయడమో వాయిదా వేయడమో చేశాయి. బంగ్లాదేశ్ మన దూదికి పెద్ద ఖాతాదారు. అక్కడ కుట్టుమిషన్ ఆగితే ఇక్కడ స్పిన్నింగ్ మిల్లు ఆగుతుంది, జిన్నింగ్ మిల్లులో బేళ్ల గుట్ట పెరుగుతుంది. గుట్ట పెరిగింది కానీ అది సర్కారు సొమ్ము మీద పెరిగింది. తర్వాతి సీజన్‌లోనూ సీసీఐ 90 లక్షల బేళ్లకు పైగా కొన్నది.

మద్దతు ధర అంటే అందరికీ అంత ధర దొరికినట్టు కాదు. తేమ 8 శాతం ఉంటేనే పూర్తి ధర. ఆ పైన పెరిగే ప్రతి శాతానికి ధరలో ఒక శాతం కోత, 12 దాటితే సీసీఐ కొనదు. మంచు పడే రోజుల్లో ఏరి, ఆరబెట్టకుండా తెచ్చిన పత్తి వెనక్కి పోతుంది. వెనక్కి పోయిన పత్తి కొనేది ప్రైవేటు ఖరీదుదారే, అతను చెప్పిందే ధర. కౌలు రైతుకు ఇంకో చిక్కు ఉంది. పట్టాదారు పాసుపుస్తకం తన పేరున ఉండదు, సీసీఐ అడిగే కాగితాలు అతని దగ్గర ఉండవు. పూచీ ఉన్న పంటలో కూడా పూచీ అందని మనుషులు వీళ్లే. మహమ్మారి ఏడాదిలో వాళ్ల సంఖ్య తగ్గలేదు.

ఆ తర్వాత ధర తిరగబడింది. 2022 మొదట్లో వరంగల్ ఎనుమాముల యార్డులో క్వింటా పత్తి 10,000 రూపాయలు దాటింది, మే నెలలో న్యూయార్క్‌లో పౌను దూది ఒకటిన్నర డాలర్ దాటింది. మద్దతు ధర 6,025 ఉన్న ఆ సీజన్‌లో సీసీఐకి దాదాపు కొనే పనే పడలేదు. ధర ఇంత ఎగబాకడానికి మహమ్మారి ఒక్కటే కారణం కాదు. ఇళ్లలో కూర్చున్న జనం బట్టలు, దుప్పట్లు కొనడం ఒకటి. చైనాలోని షిన్జియాంగ్ పత్తిని 2021 జనవరిలో అమెరికా నిషేధించడం రెండోది. మన దగ్గర వానలు, గులాబీ పురుగు వల్ల దిగుబడి తగ్గడం మూడోది. బయటి పత్తి మీద 2021 ఫిబ్రవరి నుంచి ఉన్న 11 శాతం దిగుమతి సుంకం నాలుగోది. దాన్ని 2022 ఏప్రిల్‌లో తాత్కాలికంగా ఎత్తేశారు. అప్పు తీర్చడానికి నవంబరులోనే అమ్ముకున్న రైతుకు ఆ పదివేలు కంటికి కనిపించాయే గాని చేతికి రాలేదు. పత్తిని ఇంట్లో ఆరు నెలలు దాచడం మాటలు కాదు. రంగు మారుతుంది, ఎలుకలు పడతాయి, నిప్పు భయం ఉంటుంది. అన్నిటికీ మించి, పెట్టుబడి అప్పుకు మిత్తి నడుస్తూనే ఉంటుంది.

సంచి కుట్టేది హుగ్లీ ఒడ్డున

2020 యాసంగిలో తెలంగాణలో వరి విరగపండింది. రాష్ట్ర ప్రభుత్వం 60 లక్షల టన్నులకు పైగా ధాన్యం కొన్నది. యార్డుల్లో గుంపు చేరకుండా ఊరూరా ఐకేపీ (మహిళా సంఘాల), సహకార సంఘాల కేంద్రాలు తెరిచి, టోకెన్లు ఇచ్చి రైతులను పిలిచారు. దీనికి అడ్డం పడినవి రెండు, వైరస్‌తో పోలిస్తే చాలా మామూలు వస్తువులు: గన్నీ సంచి, హమాలీ చేయి.

బస్తాకు 40 కిలోలు. టన్నుకు 25 సంచులు. 60 లక్షల టన్నులకు 15 కోట్ల సంచులు. వాటిని నేసే జూట్ మిల్లులు ఎక్కువగా బెంగాల్‌లో హుగ్లీ నది ఒడ్డున ఉన్నాయి, లాక్‌డౌన్‌తో అవి మూతపడ్డాయి. దాంతో ప్లాస్టిక్ సంచులకు అనుమతి ఇవ్వాల్సి వచ్చింది, రేషన్ షాపుల్లో ఖాళీ అయిన పాత సంచులు ఏరాల్సి వచ్చింది. మిల్లుల్లో బస్తాలు దించే హమాలీల్లో చాలామంది బిహారీలు. వాళ్లలో కొందరు హోళీకి ఇంటికి వెళ్లి అక్కడే చిక్కుకున్నారు. 2020 మే 1న వలస కూలీలతో దేశంలోనే తొలి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. ఆ తర్వాత వారానికే రైస్ మిల్లుల కోసం బిహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల మందికి పైగా హమాలీలు అదే లింగంపల్లిలో రైలు దిగారు. దేశమంతా కూలీలు ఇంటిదారి పట్టిన రోజుల్లో ఎదురు వచ్చిన రైలు అది. మన ధాన్యం ఎవరి భుజాల మీద కదులుతోందో ఆ రైలు చెప్పినంత స్పష్టంగా ఏ నివేదికా చెప్పలేదు.

సంచులు, చేతులు లేని చోట లారీ ఆలస్యమైంది. కల్లంలో ధాన్యం ఎండ తాకిడికి బరువు తగ్గింది, అకాల వానకు తడిసింది. తాలు, తరుగు పేరుతో బస్తాకు కిలో నుంచి మూడు కిలోల దాకా కోత పెడుతున్నారని పలు జిల్లాల్లో రైతులు ఫిర్యాదు చేశారు. బస్తాకు 2 కిలోలు పోతే టన్నుకు 50 కిలోలు పోయినట్టు. ఏ గ్రేడు ధాన్యం క్వింటా ధర 1,835 రూపాయల లెక్కన టన్నుకు 900 రూపాయలకు పైనే. మద్దతు ధర పూర్తిగా ఇచ్చినా ఇలా కాంటా దగ్గర కారిపోతుంది.

ఖాళీ కంటెయినర్ ఎక్కడికి పోయింది?

2020 ఏప్రిల్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఆ ఏడాది సరుకుల వ్యాపారం 13 నుంచి 32 శాతం దాకా పడిపోవచ్చని అంచనా వేసింది. చివరికి పడింది 5 శాతమే. సంపన్న దేశాలు తమ ప్రజల ఖాతాల్లో నేరుగా డబ్బు వేశాయి. హోటల్‌కు, విహారానికి పోలేని జనం ఆ డబ్బుతో కుర్చీలు, టీవీలు, వ్యాయామ సామాన్లు కొన్నారు. అవన్నీ చైనా నుంచి కంటెయినర్లలో కదిలాయి. షాంఘై నుంచి పోయిన పెట్టె అమెరికా రేవులో దిగి తిరిగి రాలేదు. ఓడల కంపెనీలు ఎక్కడ ఖాళీ పెట్టె దొరికినా చైనాకే లాక్కెళ్లాయి, కిరాయి అక్కడే ఎక్కువ కాబట్టి. మన దిగుమతులు పడిపోవడంతో మన రేవుల్లో పెట్టెలు దిగడమే తగ్గింది. దిగని పెట్టెలో ఎగుమతి సరుకు నింపలేం. 2021 మార్చిలో సూయెజ్ కాలువలో ఒక భారీ ఓడ అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు దారి మూసేసింది. అదే ఏడాది సెప్టెంబరుకు 40 అడుగుల కంటెయినర్ సగటు కిరాయి ప్రపంచ మార్గాల్లో 10,000 డాలర్లు దాటింది. మహమ్మారికి ముందు అది 1,500 డాలర్ల దగ్గర ఉండేది.

ఈ కిరాయి మిర్చి రైతు దాకా ఎలా వస్తుంది? ఒక కంటెయినర్‌లో 14 టన్నుల మిర్చి పట్టిందనుకుందాం. కిరాయి 2,000 డాలర్లు పెరిగితే సుమారు 1,50,000 రూపాయలు. 140 క్వింటాళ్ల మీద పంచితే క్వింటాకు 1,070 రూపాయలు. బయటి కొనుగోలుదారు ధర పెంచనంటే ఎగుమతిదారు ఆ మొత్తాన్ని జెండా పాటలో, అంటే యార్డు వేలంలో, తగ్గించి పాడతాడు. శ్రీలంక మన ఎండుమిర్చికి పాత ఖాతాదారు. పర్యాటకం పడిపోయి డాలర్లు అడుగంటి 2022లో ఆ దేశం విదేశీ అప్పు కట్టలేనని చేతులెత్తేసింది. డాలర్ లేని ఖాతాదారుకు సరుకు పంపితే డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు.

2020 మార్చి ఆఖరులో, సరిగ్గా మిర్చి సీజన్ నడుమ యార్డులు మూతపడినప్పుడు రైతుకు మిగిలిన దారి కోల్డ్ స్టోరేజీ. అక్కడ దాచిన బస్తాల మీద అప్పు తెచ్చుకునే వీలు ఉన్నవాళ్లే ధర కోసం ఆగగలిగారు. మార్కెట్ కమిటీలు సరుకు విలువలో 75 శాతం దాకా ఇచ్చే తనఖా రుణం ఇందుకోసమే ఉంది. గోదాములో చోటు, రసీదు, సమయానికి చెల్లింపు, ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ పథకం కాగితం మీదే ఉంటుంది. ములుగు, భూపాలపల్లి చేలల్లో మిర్చి ఏరడానికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ ఆదివాసీ కూలీలు అడవి దారిన నడిచి ఇళ్లకు వెళ్లారు. వాళ్లకు రసీదూ లేదు, తనఖా పెట్టడానికి బస్తా కూడా లేదు.

ఎరువుల సంగతీ ఇదే దారిలో వచ్చింది. ముడిసరుకు, కిరాయి పెరిగి 2021లో డీఏపీ బస్తా అసలు ధర 2,400 రూపాయలకు చేరితే, కేంద్రం సబ్సిడీని బస్తాకు 500 నుంచి 1,200కు పెంచి రైతుకు 1,200కే ఇప్పించింది. మళ్లీ అదే మాట: మధ్యలో ఒక ఖజానా నిలబడింది.

మందు, టీకా, మాట

దేశాల మధ్య మాట ఎంత త్వరగా మారుతుందో ఈ రెండేళ్లు చూపించాయి. 2020 మార్చి 3న భారత్ పారాసిటమాల్ సహా 26 రకాల ముడి మందుల, వాటితో చేసే మందుల ఎగుమతిని కట్టడి చేసింది. భయానికి కారణం ఉంది: మనం దిగుమతి చేసుకునే ముడి మందుల్లో దాదాపు మూడింట రెండు వంతులు చైనావే. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఎగుమతిని ఏప్రిల్ 4న పూర్తిగా ఆపి, అమెరికా ఒత్తిడి మధ్య మూడు రోజులకే సడలించారు. ఆ మందు కోవిడ్‌కు పనిచేయదని తర్వాత పరీక్షల్లో తేలింది. ఒత్తిడి మాత్రం నిజమే.

2021 జనవరి 20న భూటాన్, మాల్దీవులకు టీకాలు పంపడంతో వ్యాక్సిన్ మైత్రి మొదలైంది. మార్చి చివరికి ఇక్కడ రెండో ఉద్ధృతి లేవడంతో ఎగుమతులు ఆగాయి. అప్పటికి 3 కోట్ల డోసులకు ఒప్పందం చేసుకున్న బంగ్లాదేశ్‌కు అందులో 70 లక్షలే అందాయి. ఢాకా చైనా టీకా వైపు తిరిగింది, నేపాల్ కూడా. సొంత జనం ఆక్సిజన్ లేక పోతుంటే టీకా బయటికి పంపాలని ఎవరూ అనలేరు. అయినా మన దూది కొనే దేశం దగ్గర మన మాట విలువ తగ్గిన సంగతి దాచుకోవడానికి లేదు. ఆస్ట్రేలియా కథ ఇంకో తీరు. వైరస్ పుట్టుక మీద స్వతంత్ర విచారణ జరగాలని 2020 ఏప్రిల్‌లో అడిగినందుకు చైనా నెల తిరక్కుండా ఆస్ట్రేలియా బార్లీ మీద 80 శాతం సుంకం వేసింది, ఏడాది తిరిగేలోగా బొగ్గు, వైన్, పత్తి కూడా ఆ వరుసలో చేరాయి. రోగం మీద అడిగిన ప్రశ్నకు జవాబు కస్టమ్స్ కౌంటర్‌లో వచ్చింది.

ఒక్క దేశం మీదే ఆధారపడొద్దని కంపెనీలు అనుకోవడంతో కొంత పెట్టుబడి కదిలింది. గీసుగొండ–సంగెం మధ్య కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన 2017లోనే జరిగినా, కేరళ నుంచి కైటెక్స్ వస్తున్నట్టు ప్రకటన 2021లో, కొరియా కంపెనీ యంగ్వన్ యూనిట్లకు శంకుస్థాపన 2023లో జరిగాయి. చైనా నుంచి కదిలిన కుట్టుపనిలో సింహభాగం వియత్నాం, బంగ్లాదేశ్‌లకే పోయింది. పత్తి పండే చోటే బట్ట కుడితే మేలు అనేది నిజమే. కానీ పత్తికి, చొక్కాకు మధ్య స్పిన్నింగ్, నేత, అద్దకం ఉన్నాయి. నీరు, కరెంటు ఎక్కువ తాగేవి ఇవే, వరంగల్‌లో ఇంకా పూర్తిగా అల్లుకోని పోగులూ ఇవే.

గల్ఫ్: పూచీ లేని పంట

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో చాలా ఇళ్లకు అసలు పంట గల్ఫ్ జీతం. దానికి మద్దతు ధర లేదు, కొనుగోలు కేంద్రం లేదు. దెబ్బ కూడా రెండు వైపుల నుంచి పడింది. 2020 మార్చిలో సౌదీ, రష్యా చమురు ధరల పోటీకి దిగాయి, ఆ వెంటనే ప్రపంచమంతా బండ్లు ఆగాయి. ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ ధర సున్నా కంటే కిందికి, బ్యారెల్‌కు మైనస్ 37 డాలర్లకు పోయింది. చమురు ఆదాయం పడితే ముందు ఆగేది భవనాలు, రోడ్ల పని. అక్కడ పనిచేసేది మనవాళ్లే. సౌదీ జూలై 1 నుంచి వ్యాట్‌ను 5 నుంచి 15 శాతానికి పెంచింది. జీతం పెరగలేదు, కూరగాయల ధర పెరిగింది.

భారత్‌కు వచ్చే ప్రవాసుల సొమ్ము 23 శాతం పడుతుందని ప్రపంచ బ్యాంకు 2020 ఏప్రిల్‌లో అంచనా వేసింది. ఏడాది చివరికి 8,300 కోట్ల డాలర్లు వచ్చాయి, అంటే దాదాపు తగ్గలేదు. ఈ అంకె చూసి గల్ఫ్ కుటుంబాలు గట్టెక్కాయనుకుంటే పొరపాటు. హవాలా దారులు మూసుకుపోయి సొమ్ము బ్యాంకుల్లోకి మళ్లింది, కొలువు పోయినవాళ్లు దాచుకున్నదంతా తెచ్చుకున్నారు, అమెరికాలోని ఉద్యోగులు ఎక్కువ పంపారు. రిజర్వు బ్యాంకు సర్వేల ప్రకారం 2016-17లో సగానికి పైగా ఉన్న గల్ఫ్ వాటా 2020-21 నాటికి 30 శాతం దగ్గరికి పడింది. మొత్తం అలాగే ఉంది, కానీ అందులో జగిత్యాల వాటా కరిగింది.

2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ కొలువులకు కనీస వేతన పరిమితిని 30 నుంచి 50 శాతం తగ్గించింది. పోటీ దేశాల కూలీలకు మనవాళ్ల కొలువులు పోకూడదన్నది చెప్పిన కారణం. ఫలితం మాత్రం ఆ తక్కువ జీతానికే యజమానికి మన రాజముద్ర దొరకడం. వలస కార్మికుల సంఘాలు తెలంగాణ హైకోర్టుకు వెళ్లాయి, 2021లో ఆ ఉత్తర్వులు వెనక్కి పోయాయి. పల్లె నుంచి మొదలైన పోరాటం దేశ విధానాన్ని మార్చిన అరుదైన సందర్భం ఇది.

తిరిగి వెళ్లడం ఇంకో పరీక్ష. 2021 ఫిబ్రవరిలో సౌదీ భారత్ సహా 20 దేశాల నుంచి రాకను ఆపింది. సెలవు మీద వచ్చినవాళ్లు మూడో దేశంలో 14 రోజులు ఉండి పోవాల్సి వచ్చింది, ఆ ఖర్చంతా సొంతం. టీకా కూడా చిక్కే. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌కు డబ్ల్యూహెచ్‌వో అత్యవసర గుర్తింపు 2021 నవంబరు 3న గాని రాలేదు. అప్పటిదాకా ఆ సూది వేయించుకున్నవాడికి సౌదీ తలుపు మూతే. కోవిషీల్డ్ వేయించుకున్నవాడికి రెండో డోసు 84 రోజుల గడువు వీసా గడువును దాటిపోయేది. జూన్‌లో విదేశీ ప్రయాణికులకు దాన్ని 28 రోజులకు తగ్గించి, సర్టిఫికెట్‌లో పాస్‌పోర్టు నంబరు చేర్చుకునే వీలు కల్పించారు. ఈ లోపు కొందరి అఖామా (సౌదీలో ఉండేందుకు ఇచ్చే అనుమతి పత్రం) గడువు తీరిపోయింది. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి 80,000 అప్పు తెచ్చినవాడికి నెలకు 1,600 పెరుగుతూనే ఉంది, 14 నెలలు ఇంటి దగ్గర కూర్చుంటే 22,400.

2025 మే 20న జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. టీకాల్లో, మందుల్లో వాటా ఎలా పంచుకోవాలన్నది దానికి ప్రాణం, ఆ వివరాలు తేల్చే అనుబంధం పూర్తయ్యాకే దేశాల సంతకాలు. కూలీ జీతం బకాయిలు దాని పరిధిలోకి రావు. ఆ పని రెండు దేశాల మధ్య ఒప్పందాల్లో, యజమాని ముందు పెట్టే కాగితంలో జరగాలి.

2020 మే 7 నుంచి ప్రవాసులను ఇంటికి తెచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాక జరిగిన అతి పెద్ద పొరపాటు ఈ కాగితం దగ్గరే. సౌదీ కార్మిక చట్టం ప్రకారం సర్వీసు ముగిశాక తొలి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ పైన ఏడాదికి పూర్తి నెల జీతం ఇవ్వాలి. 1,000 రియాళ్ల జీతంతో ఆరేళ్లు చేసినవాడికి 2,500, 1,000 కలిపి 3,500 రియాళ్లు, అప్పటి మారకంలో 70,000 రూపాయలు. కానీ తానే రాజీనామా చేసినట్టు సంతకం పెడితే, ఐదు నుంచి పదేళ్ల సర్వీసుకు మూడింట రెండు వంతులే వస్తుంది: 2,333 రియాళ్లు. రెండేళ్లు నిండనివాడికి ఏమీ రాదు. అరబ్బీలో రాసిన కాగితం, బయట విమానాశ్రయానికి పోయే బస్సు, చేతిలో పెన్ను. అలాంటి ఘడియలో చదవకుండా పెట్టిన సంతకం ఖరీదు 23,000 రూపాయలు. ఆ సంతకానికి ముందు అడగాల్సినవి నాలుగే: కాగితంలో ఉన్నది తొలగింపా, రాజీనామానా; బకాయి జీతాల లెక్క అంకెల్లో ఉందా; ఒప్పంద పత్రం, అఖామా నకళ్లు, చివరి నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తన దగ్గర ఉన్నాయా; అక్కడే ఉండే నమ్మకస్తుడి పేరున ఎంబసీ ద్వారా పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చాడా. చివరిది లేకపోతే మనిషి జగిత్యాల జిల్లా మల్యాలలో, కేసు రియాద్‌లో ఉండిపోతాయి.